కె16 క్విక్‌ఫిష్‌కి (నీటిలో ఊగే చేప ఆకారపు ఎరబొమ్మ) ఒకే కొక్కెం పెడితే వెల్లకిలా తిరుగుతోంది, ఏం చేయాలి?

కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని స్కీనా నదిలో పడవకి లంగరేసి కింగ్ సాల్మన్ పట్టేవాళ్లకి ఈ ప్రశ్న.

కె16 క్విక్‌ఫిష్‌కి కడుపు కింద ఒకటి, తోకకి ఒకటి, మూడేసి మొనల కొక్కేలు ఉంటాయి. ఇక్కడి నదుల్లో ఒకటే కొక్కెం, ఒకటే మొన, ఎదురుముల్లు ఉండకూడదు. అందుకే రెండూ తీసేసి, తోక రింగుకి చిన్న స్వివెల్ (గిర్రున తిరిగే లంకె), దానికి 7/0 సైజు సివాష్ (ఒంటి మొన కొక్కెం) తగిలించాను. నెమ్మది నీటిలో బ్రహ్మాండంగా ఊగుతోంది. వడి పెరగ్గానే ఎడమకి ఒరిగి, వెల్లకిలా పడి, పైకి తేలిపోతోంది. రాడ్ కొన టకటకా కొట్టుకోవడం ఆగి, వంగి అలాగే ఉండిపోతుంది.

ముక్కు దగ్గర దారం కట్టే కన్నుమరని పటకారుతో కుడివైపు వెంట్రుకవాసి తిప్పితే కాస్త నయం, అంతే. కడుపు కింది కొక్కెం బరువు పోవడమే అసలు కారణమని నా అనుమానం.

మిగతా సరంజామా: 65 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం), ఎరకి ముందు 50 పౌండ్ల మోనో లీడర్ (ఒంటిపోగు దారం) 5 అడుగులు, 18 అంగుళాల విడి దారానికి 8 ఔన్సుల సీసం.

కడుపు కింద సీసపు పట్టీ అంటిస్తే సరిపోతుందా? ఎంత బరువు దాటితే ఊపు చచ్చిపోతుంది? లేక సివాష్‌నే కడుపు రింగుకి మార్చాలా? అలా మారిస్తే 40 పౌండ్లు దాటిన చేప తల విదిలించినప్పుడు కొక్కెం ఊడకుండా నిలుస్తుందా? లీడర్ పొడవు మార్చి బాగుపడినవాళ్లుంటే కొలత చెప్పండి.

రంగులు మార్చమనే సలహాలు మాత్రం వద్దండీ, వెల్లకిలా పడ్డదానికి ఏ రంగైనా ఒకటే.