ఇసుక అలల డిజైన్ అద్దితే గళ్లు కనబడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (కావలి):
మైపాడు బీచ్‌లో నీళ్లు వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలిన అలల చారలు ఫోన్‌లో తీశాను. వాటిని చూసి 10 సెంటీమీటర్ల చదరంలో డిజైన్ గీసి, చెక్క అచ్చు చేయించి దుప్పటి మీద అద్దాను. ఒక్క అచ్చు చూస్తే ముచ్చటగా ఉంది. ఇరవై పడేసరికి నిలువుగా, అడ్డంగా గళ్లు తేలాయి. బాత్రూమ్ టైల్స్‌లా ఉందని మావారు ఒకటే నవ్వు. ఇంకో అచ్చు చేయించాలంటే మళ్లీ ఖర్చు.

జవాబు (ఒంగోలు, అద్దకం పని చేస్తాను):
అక్కా, మీ చారలు అచ్చు అంచు దాకా వచ్చి ఉంటాయి. కుడి అంచులో చార ఆగిన ఎత్తూ, ఎడమ అంచులో మొదలైన ఎత్తూ ఒకటి కాకపోతే అతుకు తెలిసిపోతుంది. ఇక మీదట గీసేటప్పుడు చదరపు కాగితం మధ్యలో మాత్రమే గీసి అంచులు వదిలేయండి. నిలువుగా సగానికి కోసి, రెండు ముక్కల్నీ అటుదిటు మార్చి వెనక టేపు వేయండి. తర్వాత అడ్డంగా కోసి, పై ముక్క కిందికీ కింది ముక్క పైకీ మార్చండి. అంచుల్లోని ఖాళీ అంతా నడిమికి వస్తుంది. అక్కడ చారలు కలిపి నింపండి, కొత్త అంచుల్ని మాత్రం తాకొద్దు. పక్కపక్కన ఎన్ని పెట్టినా అతుకు దొరకదు.

జవాబు (నెల్లూరు):
ఇంత తిప్పలెందుకమ్మా, ముగ్గులోలా సందు చుక్క (రెండు చుక్కల నడుమ సందులో పక్క వరుస చుక్క) వేసుకోరాదూ? 7 నుంచి 1 ఎదురు చుక్క (చుక్కకు ఎదురుగా చుక్క) పెడితే 25 చుక్కలు, నిలువూ అడ్డమూ తిన్నగా కనబడతాయి. 7 నుంచి 4 సందు చుక్క పెడితే 37, చూపు ఏటవాలుగా పోతుంది. బట్ట మీదా అంతే. మొదటి నిలువు వరుస మామూలుగా అద్ది, పక్క వరుసను 5 సెంటీమీటర్లు దించి మొదలుపెట్టు. పైన మిగిలే సగానికి, అంచు బయట పేపరు పరిచి అచ్చు వెయ్యి.

జవాబు (ఒంగోలు):
పెద్దమ్మా, అంచుకు తగలని విడి బుటాకైతే మీ మాట నూటికి నూరుపాళ్లు. అంచు దాటే చారల్ని సందులో వేస్తే ఇంకా ఎక్కువ తెగుతాయి. అయినా మీ మాటతోనే దారి దొరికింది. చెక్కకు కొత్తగా కలపలేం గానీ తీసేయగలం. అక్కా, అచ్చు చేసినాయన దగ్గరికే పోయి నాలుగు పక్కలా చారల చివర్లు చెక్కించేయండి. తిన్నగా వద్దు, ఒకచోట అర సెంటీమీటరు, ఇంకోచోట ఒకటిన్నర. తిన్నగా తీస్తే ఆ ఖాళీయే మళ్లీ గడి అవుతుంది. ఆ తర్వాత పెద్దమ్మ చెప్పిన సందు చుక్క. ఒక వరుస ఆరాక రెండోదాన్ని కాస్త లోపలికి జరిపి అద్దండి.

ప్రశ్న అడిగినవారు:
చెక్కించి పాత పంచె మీద అద్ది చూశా. గళ్లు పోయాయి! కానీ ఒక చార మిగతావాటికన్నా లావు. ఎటు చూసినా కన్ను అక్కడికే పోతోంది.

జవాబు (చీమకుర్తి):
మా ఊరి గెలాక్సీ గ్రానైట్‌లో నల్లరాయి నిండా బంగారు చుక్కలుంటాయి కదా. ఆ ఫోటోనే పక్కపక్కన పేర్చి నేనొకసారి వాల్‌పేపర్ చేశా. ఒక్క పెద్ద చుక్క వల్ల రాయంతా వరసలు కట్టింది. మీ లావు చారను కూడా సన్నం చేయించండి.

ఇంకోటి, ఈసారి ఫోటో పొద్దు పొడవగానే తీయండి. మన తీరంలో సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు, చారలేమో ఒడ్డు వెంబడే సాగుతాయి. ఎండ వాటికి అడ్డంగా, వాలుగా పడి ప్రతి చారకూ నీడ వస్తుంది. మధ్యాహ్నం తీస్తే అంతా చదును.

ప్రశ్న అడిగినవారు:
నేను తీసింది పన్నెండింటికే! ఆదివారం మొదటి బస్సుకే పోతా. దుప్పటి మాత్రం మావారికే కప్పేశాను.