ఎగ్జిబిషన్ పెట్టాం, మొదటిరోజు తర్వాత జనం రావట్లేదు, ఏం చెయ్యమంటారు? (విజయనగరం)

కోటబురుజు:
అందరికీ నమస్తే. మేం ఐదుగురం కలిసి ఊళ్లో ఓ పాత గోడౌన్ అద్దెకి తీసుకుని బొమ్మలు, వీడియోలు, ఇన్‌స్టలేషన్లు (వస్తువులతో చోటంతా అమర్చి చేసే కళ) పెట్టాం, మూడు వారాలు ఉంటుంది. మొదటిరోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు, హాలు నిండిపోయింది. మర్నాటి నుంచి రోజుకి పదిమంది, వాళ్లూ రెండు నిమిషాల్లో చుట్టేసి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతున్నారు. శనివారం మాలో ఒకరు తన పని గురించి మాట్లాడితే కుర్చీలు నలభై, మనుషులు ఆరుగురు, అందులో నలుగురం మేమే. మోడరన్ ఆర్ట్ మనోళ్లకి అర్థం కాదులే అంటున్నారు కొందరు, ఆ మాట నేను ఒప్పుకోను. పైడితల్లమ్మ పండక్కి చింతమాను చివర పూజారి కూర్చుని వస్తుంటే చూడ్డానికి లక్షల మంది వచ్చే ఊరు ఇది, సిరిమానుకి అర్థం ఏటని అక్కడ ఎవరైనా అడుగుతారా?

నాగావళి_గట్టు:
నేను కొచ్చి బియనాలే, అంటే కేరళలో రెండేళ్లకోసారి పెట్టే పెద్ద ఆర్ట్ ప్రదర్శన, రెండుసార్లు చూశానండి. 2012 డిసెంబరు 12న మొదలెట్టారు, ఫోర్ట్ కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ లాంటి పాత వ్యాపార భవనాల్లోనే పెడతారు. అక్కడ ఆర్ట్ మీడియేటర్లని కుర్రాళ్లు ఉంటారు, వాళ్లు పక్కన నిలబడి మాటల్లోకి దింపుతారు, పిల్లలకైతే ఆర్ట్ బై చిల్డ్రన్ అని ప్రత్యేకంగా ఓ కార్యక్రమం నడుస్తుంది. మీరూ కాలేజీ పిల్లలు ఇద్దర్ని పెట్టుకోండి, కానీ వివరించొద్దని గట్టిగా చెప్పండి. అమెరికాలో ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ అని ఇద్దరు తయారుచేసిన పద్ధతి ఒకటుంది, అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు: ఇందులో ఏం జరుగుతోంది, ఏం చూసి అలా అనిపించింది, ఇంకేం కనిపిస్తోంది. అంతే. చెప్పినదాన్ని తప్పనకూడదు.

చాక్‌పీసు:
గవర్నమెంటు స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. ఒకసారి అరవైమంది గుంటల్ని ఓ ప్రదర్శనకి తీసుకెళ్తే గోల చేస్తున్నారని అరగంటలో బయటికి పంపేశారు, దారంతా పిల్లలు నోరెత్తలేదు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు. మీరు ఇరవైమందికి మించి పిలవకండి, అన్నీ చూపించాలనుకోకండి, ఒక్క పని ముందు కూర్చోబెట్టి కాగితం, పెన్సిల్ ఇచ్చి గంటసేపు వదిలేయండి. ఆదివారం వాళ్లే అమ్మానాన్నల్ని లాక్కొస్తారు, చూడండి.

కోటబురుజు:
థాంక్యూ మేష్టారూ. ఒక విషయం చెప్పాలి. మా వాళ్లలో ఒకరు పైకప్పు నుంచి నేలదాకా నూలు వేలాడదీశారు, కొండపత్తిని చేత్తో వడికి నేసే పొందూరు ఖాదీ మీద పని అది. నిన్న ఓ పెద్దావిడ వచ్చి, ముట్టరాదు అని బోర్డున్నా సరే ఓ పోగు తీసి రెండువేళ్ల మధ్య నలిపి, "ఇది కొండపత్తి కాదు బాబూ, మిల్లు నూలు" అంది. మా ఆర్టిస్టుకి నోట మాట రాలేదు. ఆవిడ అరగంట మాట్లాడింది, మేం పెట్టిన టాక్ కంటే అదే బాగుంది.

వాలుగచేప:
మాది పొందూరేనండి. ఆవిణ్ణే మళ్లీ పిలవండి! మా అమ్మమ్మ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వేది, ఆ సన్న పళ్ల మధ్య నుంచి దూది వస్తుంటే చెత్తంతా కింద రాలిపోయేది. అలా దువ్వేవాళ్లని ఇద్దర్ని ఆ నూలు కిందే కూర్చోబెట్టండి, జనం చేత్తో పట్టుకోడానికి కాస్త పత్తి విడిగా ఉంచండి. ఊరికే పిలవకండి, బస్సు చార్జీ, రోజు కూలీ ఇవ్వండి, మీ ముఖ్య అతిథుల శాలువాల డబ్బుకి అది వచ్చేస్తుంది.

కోటబురుజు:
ఆవిడ ఫోన్ నెంబరు దొరికింది, ఈ ఆదివారం నాలుగింటికి వస్తానంది. బోర్డు తీసేశాం. వాలుగచేప గారూ, దవడ ఎముక మీ ఇంట్లో ఇంకా ఉంటే ఒక్కరోజుకి తెస్తారా?