తెమడలో ఎన్‌టీఎం వస్తే, అంతకుముందు వాడిన టీబీ మందులు దండగేనా?

గోదావరిఖని బిడ్డ: మా నాన్న రిటైరైన బొగ్గుబాయి కార్మికుడు. తెమడలో క్రిములున్నాయని టీబీ మందులు పెట్టారు. కోర్సు అయిపోయినా దగ్గు తగ్గలేదు. ఇప్పుడు కల్చర్‌లో (తెమడలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఎన్‌టీఎం, అంటే టీబీది కాని మైకోబాక్టీరియా, టీబీ క్రిమికి చుట్టమైన వేరే క్రిమి అని వచ్చింది. కల్చర్ రిపోర్టు రాకుండా ఎవరికీ మందులు పెట్టొద్దు.

ల్యాబ్ అన్న: తమ్మీ, మైక్రోస్కోపులో రెండూ ఎర్రటి కడ్డీల్లాగే కనబడతాయి, తేడా తెలియదు. సీబీనాట్ పరీక్ష అయితే టీబీ క్రిమి జన్యువునే పడుతుంది, రెండు గంటల్లో తేలుతుంది. స్మియర్ (ఆ మైక్రోస్కోపు పరీక్ష) పాజిటివ్, సీబీనాట్ నెగెటివ్ అయితే ఎన్‌టీఎం అనుమానించాలి. నాన్నకు చేశారా?

గోదావరిఖని బిడ్డ: స్మియర్ పాజిటివ్ అన్నారు. అంతే.

ల్యాబ్ అన్న: నేనడిగింది సీబీనాట్ గురించి.

జనగామ అక్క: కల్చర్‌కు ఆరు వారాలు పట్టొచ్చు. నిజంగా టీబీ ఉన్న మనిషి అన్ని రోజులు పిల్లల మధ్య దగ్గుతూ ఉండాలా?

కాజీపేట జంక్షన్: ఎన్‌టీఎం అంటుకుంటదా?

ల్యాబ్ అన్న: మామూలుగా మనిషి నుంచి మనిషికి రాదు. మట్టిలో, నీళ్లలో, నల్లా పైపుల్లో ఉంటుంది. దుమ్ముతోనో పాత టీబీతోనో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో తేలిగ్గా పాతుకుంటుంది. ఒక్క తెమడలో వస్తే జబ్బని తేల్చలేం. వేర్వేరుగా తీసిన రెండు తెమడల్లోనైనా రావాలి, లక్షణాలు, స్కానింగ్ కూడా కలవాలి. టీబీ, ఎన్‌టీఎం ఒకే మనిషిలో ఉండొచ్చు కూడా. కాబట్టి మొదట టీబీ లేదని ఇప్పుడు చెప్పలేం.

గోదావరిఖని బిడ్డ: అంటుకోదా? కోర్సంతా నాన్నకు వేరే గ్లాసు, వేరే మంచం. మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు!

కాజీపేట జంక్షన్: గ్లాసుతో టీబీ కూడా రాదు, గాలి ద్వారా వస్తది.

గోదావరిఖని బిడ్డ: గ్లాసు గురించి కాదన్నా నా ఏడుపు!

జనగామ అక్క: తమ్ముడూ, మా ఆయన ఎవరో "నీది టీబీ కాదు" అంటే మందులు మధ్యలో మానేశాడు. మందులకు లొంగని టీబీ అయింది. ఇప్పుడు లేడు. నీ పోస్టు చదివి ఇంకొకరు మానేస్తే ఎట్లా? నా టెన్షన్ అదే.

గోదావరిఖని బిడ్డ: నేనెవర్నీ మానమనలేదక్కా. టీబీ అన్నన్నాళ్లూ మందులు ఉచితం, పోషణకు నెలకు 1000 రూపాయలు. ఎన్‌టీఎం అనగానే బయట కొనుక్కోమన్నారు. కల్చర్ నెగెటివ్ అయ్యాక కూడా ఏడాది వాడాలట. పింఛను డబ్బుతో ఎట్లా కొనాలి? అది అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు.

జనగామ అక్క: ఇది ముందే చెప్పాల్సింది కదా. దీనికి నేనూ నీవైపే. మందులు రెండు జబ్బులకూ ఉచితంగా ఇవ్వాలి.

ల్యాబ్ అన్న: కొనకముందు ఏ జాతి క్రిమో తేలాలి. కాన్సాసీ అయితే రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ లాంటి టీబీ మందులు పనిచేస్తాయి. అబ్సెసస్ అయితే పనిచేయవు. రిపోర్టులో జాతి పేరుందా?

గోదావరిఖని బిడ్డ: లేదు. ఉత్త ఎన్‌టీఎం అని ఉంది.

ల్యాబ్ అన్న: అయితే రెండో తెమడ ఇచ్చి, జాతి కూడా తేల్చమని ఛాతీ డాక్టర్‌ను అడుగు. అప్పటిదాకా సొంతంగా ఏ మందూ మొదలుపెట్టొద్దు.

జనగామ అక్క: ఆ పరీక్ష వరంగల్ చుట్టుపక్కల ఉచితంగా ఎక్కడ చేస్తారో తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి.