‘కలండనెడివాడు’నా, ‘కలండన్నవాడు’నా?

పద్యప్రియ: రాత్రి వెంకటేశ్ ‘దృశ్యం’ (2014) మళ్లీ చూశాను. నేరం జరిగిందనీ, రాంబాబు చెప్పేది అబద్ధమనీ మనకు ముందే తెలుసు. అయినా పోలీసు అధికారి నదియా ఎదుట అతను నోరు విప్పిన ప్రతిసారీ గుండె దడ. వెంటనే గజేంద్రుడు గుర్తొచ్చాడు. హరి వస్తాడని చిన్నప్పట్నుంచీ వింటున్న కథే, ‘కలడో లేడో’ దగ్గర మాత్రం ఇప్పటికీ ఊపిరి ఆగుతుంది. ఇంతకీ నా సందేహం: పోతన భాగవతంలో గజేంద్రుడి ‘కలడందురు దీనుల యెడ’ పద్యం నాలుగో పాదం నా నోట ‘కలడు కలండన్నవాడు’ అనే వస్తోంది. మా తాతయ్య అలాగే చదివేవారు. ఏది సరి?

కందం: ‘అనెడి’ అండి. చిక్కేమిటంటే ఇది కందపద్యం, ‘అన్న’ అన్నా గణాలు (గురులఘువుల గుంపులు) చెడవు. ‘లండనె’ భగణం (గురువు, రెండు లఘువులు), ‘లండన్’ గగం (రెండు గురువులు), రెండూ నాలుగు మాత్రలే. మూడో పాదం నుంచి లెక్కిస్తే వచ్చే ఆరో గణం రెండు చోట్లా జగణమే (లఘువు, గురువు, లఘువు): ‘డివాడు’, ‘న్నవాడు’. అందుకే తాతగారి నోట నిలిచిపోయింది. కానీ ‘అన్న’ అంటే ఎవరో ఎప్పుడో అన్నమాట. ‘అనెడి’ అంటే లోకం ఇంకా అంటూనే ఉంది. ముందు మూడు పాదాల్లో మూడు ‘అందురు’లు పెట్టినవాడు నాలుగో దాంట్లో ‘అన్న’ వెయ్యడు.

రంగస్థలం: ‘అనెడివాడు’ అంటే అనేవాడు కూడా కదా! ‘ఉన్నాడు, ఉన్నాడు’ అని నమ్మి చెప్పేవాడే మిగులుతాడో లేదో అని ఏనుగు తన గురించే అనుకుంటోందని నా ఊహ.

కందం: తర్వాతి సీసపద్యం ఒప్పుకోదు. ‘కలుగడే నాపాలి కలిమి సందేహింప’. సందేహం హరి మీదే.

రంగస్థలం: పుస్తకంలో సరే. పలికేవాడికి మాత్రం నా అర్థమే అక్కరకొస్తుంది. ‘కలడో’ ఎత్తి, ‘లేడో’ గొంతులోనే ఉంచాలి. రెండు ‘ఓ’లూ ఒకే ఎత్తున పలికితే పద్యం చచ్చిపోతుంది. థ్రిల్లర్‌లోనూ అంతే, ముగింపు తెలిసిన నటుడు తెలియనివాడి ఒళ్లు తెచ్చుకోవాలి.

గోదారిగట్టు: పోతన ఆ ఒంటిని కూడా రాసిపెట్టాడు. ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్’. ఒక్కో మెట్టూ జారడం చూడండి! నదియా చేసింది అలాంటిదే. పోలీసు అధికారి ముఖంలోంచి బిడ్డను పోగొట్టుకున్న తల్లి మెల్లగా పైకి తేలుతుంది. ఆవిడ ఉత్త అరుపుల అధికారి అయ్యుంటే వెంకటేశ్ ఎంత చేసినా మనకు దడ పుట్టేది కాదు.

కందం: మూర్ఛ వచ్చినవాడు అదే పద్యం చివర ‘రావే ఈశ్వర’ అని ఎలా పిలిచాడంటారు?

గోదారిగట్టు: ‘వచ్చె’ అంటే కమ్ముకొచ్చిందని, పడిపోయాడని కాదు. ఆ స్పృహ చివరి అంచు నుంచే పిలుపు.

పద్యప్రియ: ‘అనెడి’ అని పదిసార్లు చదివాను, నోరు మళ్లీ ‘అన్న’ దగ్గరికే పోతోంది. రంగస్థలం గారూ, తాతయ్య ‘కలడో’ మెల్లగా అని, ‘లేడో’ గట్టిగా అనేవారు.

రంగస్థలం: గట్టిగానా? అయితే ఆయన ఏనుగుకు కోపం వచ్చిందన్నమాట. ఈ చదువు నాకు ఇన్నేళ్లలో తట్టలేదు.