తొమ్మిదో తరగతి స్పానిష్ పాఠంలో తెలుగు వినిపిస్తే తప్పా?

మూలాపేట మాస్టారు:
సభ్యులకు నమస్కారం. నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి స్పానిష్ చెబుతున్నాను. పిల్లలకు ఇది రెండో ఏడు. నిరుడు పలకరింపులు, అంకెలు, వర్తమాన కాలంతో హాయిగా గడిచింది. ఈ ఏడు రెండు భూతకాలాలు వచ్చి పడ్డాయి. ఒకటి ప్రెతేరితో, అంటే జరిగి ముగిసిన పనికి. రెండోది ఇంపెర్ఫెక్తో, అంటే అప్పట్లో అలవాటుగా జరిగేదానికి, జరుగుతూ ఉన్నదానికి. పుస్తకం ఇంగ్లీషులో వివరిస్తుంది. ఇంగ్లీషులో చాలాచోట్ల రెంటికీ 'వెంట్' అనే ఒక్క మాటతోనే పని గడిచిపోతుంది కాబట్టి, ఎక్కడ ఏది రాయాలో తెలియక పిల్లలు బొమ్మాబొరుసూ వేసుకున్నట్టు రాస్తున్నారు.

పోయిన వారం పుస్తకం మూసేసి బోర్డు మీద తెలుగులో రెండు వాక్యాలు రాశాను. 'చిన్నప్పుడు ఆదివారాలు మైపాడు పోయేవాళ్ళం.' 'మొన్న ఆదివారం మైపాడు పోయాం.' తేడా ఏమిటని అడిగితే, నేను సుద్దముక్క కింద పెట్టేలోపే సగం తరగతి జవాబు చెప్పింది. మొదటిదాని కింద 'ఇబామోస్', రెండోదాని కింద 'ఫుయిమోస్' అని రాశాను. రెండు వారాలుగా ఎక్కనిది పది నిమిషాల్లో ఎక్కింది. మర్నాడు భాషల విభాగం చూసేవారు పిలిచి, స్పానిష్ పీరియడులో తెలుగు వినిపించకూడదన్నారు. ఇంగ్లీషులో వివరించినప్పుడు రాని అభ్యంతరం తెలుగుకే ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. ఈ పద్ధతిలో నిజంగా తప్పుందా? భాషలు నేర్పిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఒంగోలు నాన్న:
మా వాడు కూడా స్పానిష్ తీసుకున్నాడు. అసలు 'మే గుస్తా' అనాలా, 'మే గుస్టా' అనాలా? వాడి నోటుపుస్తకం నిండా 'ట' ఉంది.

వ్యాకరణప్రియ:
తప్పే, మాస్టారూ. నేను నాలుగేళ్ళు హైస్కూలు పిల్లలకు స్పానిష్ చెప్పాను కాబట్టి ఈ మాట ఊరికే అనడం లేదు. అమెరికాలో విదేశీ భాషల ఉపాధ్యాయుల సంఘమైన ఆక్ట్‌ఫుల్, తరగతి సమయంలో తొంభై శాతానికి పైగా నేర్చుకునే భాషలోనే నడవాలని 2010లో సిఫారసు చేసింది. అది అమెరికా మాట, మనకెందుకు అంటారేమో. మనకే ఎక్కువ కావాలి. అక్కడి పిల్లవాడికి దుకాణంలోనో టీవీలోనో స్పానిష్ చెవిన పడుతుంది. మన పిల్లవాడికి వారానికి మూడు పీరియడ్లు, అంటే రెండు గంటలు. గేటు దాటితే ట్రంకు రోడ్డు మీద ఎవరూ స్పానిష్ మాట్లాడరు. ఆ రెండు గంటల్లో మీరు తెలుగుకు ఇచ్చిన ప్రతి నిమిషమూ స్పానిష్ నుంచి కోసి ఇచ్చిందే.

ఇక మీ బోర్డు మీది సూత్రం ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. 'నేను ఇంటికొచ్చేసరికి అయిదు గంటలైంది' అంటాం. తెలుగులో 'అయింది' అంటే జరిగిపోయిన పని. మీ సూత్రం పట్టుకున్న పిల్లవాడు 'ఫువెరోన్ లాస్ సింకో' అని రాస్తాడు. గతంలో టైము చెప్పేటప్పుడు స్పానిష్‌లో రావలసింది ఇంపెర్ఫెక్తో, 'ఎరాన్ లాస్ సింకో'. 'ఆ రాత్రి చలిగా ఉంది' అన్నా అదే గొడవ. ఆ 'ఉంది' చూసి ఏ కాలమని ఊహిస్తాడు?

మూలాపేట మాస్టారు:
ఒంగోలు నాన్న గారూ, 'త'యే. స్పానిష్ వాళ్ళ త, ద మన తమలపాకులో త, దానిమ్మలో ద. పిల్లలు ఇంగ్లీషు అక్షరాలను ఇంగ్లీషులా చదవడం వల్లనే ఆ 'ట' వస్తోంది. చూశారా, ఇక్కడా అడ్డం వచ్చింది ఇంగ్లీషే.

వ్యాకరణప్రియ గారూ, అయిదు గంటల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒక్క చిల్లు ఉందని కుండనే పారేస్తామా? 'మే గుస్తా' సంగతి తీసుకోండి. ఇంగ్లీషులో 'ఐ లైక్' అని నేర్చుకున్న పిల్లవాడు 'యో గుస్తో' అని రాసి తీరుతాడు. అది నేను ప్రతి ఏడూ దిద్దే తప్పు. అదే 'నాకు నచ్చింది' అని చెప్పి చూడండి. 'నాకు మామిడిపండు నచ్చింది, నాకు మామిడిపండ్లు నచ్చాయి' అన్నప్పుడు క్రియ మామిడిపండ్ల వెంట పోతుంది గాని నా వెంట రాదు. 'మే గుస్తా, మే గుస్తాన్' సరిగ్గా అదే నడక. 'యో' అన్న కర్త లేకుండా 'ఆబ్లో' అంటే చాలునన్నది కూడా మనకు కొత్త కాదు. 'మాట్లాడతాను' అన్నాక 'నేను' ఎందుకు?

ఇంకొకటి. 'సబేర్' అనే క్రియ ఇంపెర్ఫెక్తోలో 'సబీయా' అయితే 'తెలుసు', ప్రెతేరితోలో 'సూపే' అయితే 'తెలిసింది'. ఇంగ్లీషులో దీనికి రెండు వేరు వేరు క్రియలు వెతుక్కోవాలి. తెలుగు పిల్లవాడికి ఆ తేడా అయిదేళ్ళ వయసు నుంచీ నోట్లోనే ఉంది. దాన్ని బయటికి తీయకుండా ఇంగ్లీషు మీదుగా చుట్టు తిప్పడం, కావలి నుంచి నెల్లూరు రావడానికి విజయవాడ మీదుగా టిక్కెట్టు కొన్నట్టుంది.

కావలి రైలు:
సేర్, ఎస్తార్ సంగతి ఏమిటి? రెంటికీ 'ఉండు' అనే కదా మన అర్థం? నేను సొంతంగా నేర్చుకుంటూ ఆరు నెలలుగా అక్కడే ఆగిపోయాను.

మూలాపేట మాస్టారు:
అక్కడ కూడా తెలుగే దారి చూపుతుంది. 'ఆయన డాక్టరు' అంటాం, క్రియే లేదు, అక్కడ సేర్. 'ఆయన ఇంట్లో ఉన్నాడు' అంటాం, అక్కడ ఎస్తార్. క్రియ లేనిచోట సేర్, 'ఉన్నాడు' వచ్చినచోట ఎస్తార్. తమాషా ఏమిటంటే 'పెళ్ళి ఒంగోల్లో' అని మనం క్రియ లేకుండా అంటాం, స్పానిష్‌లో కూడా వేడుక ఎక్కడో చెప్పేటప్పుడు సేర్ వాడతారు.

వ్యాకరణప్రియ:
'మా అన్నయ్య పొడుగ్గా ఉంటాడు.' ఇప్పుడు చెప్పండి. 'ఉండు' వచ్చింది, స్పానిష్‌లో మాత్రం సేర్ కావాలి. మీ పిల్లవాడు ఎస్తార్ రాస్తాడు, నా పిల్లవాడు రాయడు.

మూలాపేట మాస్టారు:
నేనన్నది 'ఉన్నాడు'. మీరు తెచ్చింది 'ఉంటాడు'. 'ఆమె అందంగా ఉంటుంది' అంటే ఎప్పుడూ ఉండే గుణం, సేర్. 'ఈ రోజు అందంగా ఉంది' అంటే ఈ పూట సంగతి, ఎస్తార్. మీ ఉదాహరణ నా పక్షానే నిలబడింది.

కావలి రైలు:
'మా ఇల్లు స్టేషను పక్కనే ఉంటుంది' అంటాను నేను. అది ఎస్తార్ కదా?

వ్యాకరణప్రియ:
కావలి రైలు గారికి ధన్యవాదాలు. ఇక మాస్టారు 'ఉంటుంది'కి కూడా ఒక మినహాయింపు, ఆ మినహాయింపుకు ఇంకొక మినహాయింపు చెబుతారు. తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు తెలుగు వ్యాకరణం బాగా వస్తుంది.

మూలాపేట మాస్టారు:
వస్తే మంచిదే కదా! అసలు మీ బాధ స్పానిష్ గురించి కాదని నాకిప్పుడు అర్థమవుతోంది. తెలుగు అన్న మాట వినగానే ముఖం చిట్లించేవారిని నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆరో తరగతిలో నన్ను ఒక కాన్వెంటులో వేశారు. దాహం వేసి 'మంచినీళ్ళకు పోవచ్చా టీచర్' అన్నందుకు రూపాయి జరిమానా, మధ్యాహ్నం గంట కొట్టేదాకా వరండాలో మోకాళ్ళ మీద కూర్చోవడం. నీళ్ళు మాత్రం ఇవ్వలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఈ బడిలో, ఈసారి టీచరుగా, అదే మాట నాకు మళ్ళీ చెప్పారు: తెలుగు వినిపించకూడదు. మీరు ఆక్ట్‌ఫుల్ తొంభై శాతం అంటూ దానికి రంగు వేస్తున్నారు, అంతే. ఇంగ్లీషులో వివరించినా ఆ తొంభై శాతం నుంచి తగ్గేదే కదా. దాని మీద మీరు ఒక్క ముక్క రాయలేదేం?

పెన్నా గట్టు:
దయచేసి వ్యక్తిగతంగా వద్దు.

వ్యాకరణప్రియ:
వ్యక్తిగతమే చెబుతాను, మాస్టారు మొదలుపెట్టారు కాబట్టి.

నా తెలుగు మీద నాకు చిన్నచూపు లేదు. ఈ వేదికలో నేను రాసేది చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇంగ్లీషు వివరణ కూడా తప్పేనని ముందే రాయవలసింది, రాయలేదు, అది నా లోపం. మా నాన్నకు చెన్నైలో ఉద్యోగం వస్తే నన్ను అక్కడ ఆరో తరగతిలో చేర్చారు. మా ఇంగ్లీషు టీచరు చాలా మంచావిడ. ప్రతి కష్టమైన వాక్యాన్నీ అరవంలో పోల్చి చెప్పేవారు, మీలాగే, ప్రేమతోనే. తరగతిలో అందరూ 'ఓ, అదా!' అనేవాళ్ళు. అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని, ఎందుకో తెలియకుండా. (నవ్వేదాన్ని అంటే మీ ఇంపెర్ఫెక్తోయే, మాస్టారూ.) ఒకటిన్నర ఏడు అలా గడిచింది. ఇంగ్లీషులోనే చెప్పి ఉంటే నేనూ మిగతావాళ్ళతో సమానంగా తెలియనిదాన్ని అయ్యేదాన్ని. అరవంలో చెప్పడం వల్ల నేనొక్కదాన్నే తెలియనిదాన్ని అయ్యాను.

మీ తరగతిలో కృష్ణపట్నం పోర్టు ఉద్యోగుల పిల్లలు, తెలుగు రానివారు, లేరా? నా తరగతిలో ఉండేవారు. మీరు 'మైపాడు పోయేవాళ్ళం' అని రాసినప్పుడు సగం తరగతి జవాబు చెప్పిందన్నారు. మిగతా సగంలో ఎవరున్నారో చూశారా?

నేనేం చేసేదాన్నో కూడా చెబుతాను. సుబ్‌హుంతీవో (కోరిక చెప్పేటప్పుడు మారే క్రియారూపం) పాఠం వచ్చినప్పుడు మధ్యాహ్నం డబ్బాలోంచి ఒక చపాతీ తీసి పట్టుకున్నాను. మన బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ నెల్లూరులో ఉన్న ఏ పిల్లవాడికైనా తెలుసు, ఏ ఊరినుంచి వచ్చినా సరే. స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె అని మార్చుకోవడం ఒక్క ఏడాదైనా చూసి ఉంటారు. 'కియెరో కే మి అబువేలా సే కూరే' అన్నాను, మా అవ్వకు నయం కావాలని. రొట్టె పక్క పిల్లకు ఇచ్చాను. కోరిక చెబితేనే రొట్టె. 'కియెరో కే' (కోరుకుంటున్నాను), 'ఒహలా' (అలా జరగాలి), వాటి తర్వాత మారిన క్రియ, ఇవి ఇరవై నాలుగు సార్లు వినపడ్డాయి. 'ఒహలా' అన్న మాట స్పానిష్‌లోకి అరబ్బీ నుంచి, దేవుడి పేరుతో సహా వచ్చింది. అది ఆ దర్గా పండుగకు ఎంత అతికినట్టుందో నాకప్పుడే తోచింది. ఒక్క తెలుగు ముక్క వాడలేదు, ఒక్క ఇంగ్లీషు ముక్కా వాడలేదు. ఏడాదంతా నోరు మెదపని బీహారు అబ్బాయి లేచి, వాళ్ళ నాన్నకు సెలవు దొరకాలని కోరాడు. క్రియ తప్పు చెప్పాడు. నేను దిద్దలేదు.

ఒంగోలు నాన్న:
రొట్టె పాఠం బాగుంది. మా వాడి టీచరుకు చెబుతాను. 'త' సంగతి కూడా చెబుతాను.

మూలాపేట మాస్టారు:
చిన్నచూపు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, మన్నించండి. నా తరగతిలో ఇరవై ఆరుగురు. తెలుగు రానివారు ముగ్గురు. వారెక్కడ కూర్చుంటారో ఇది రాస్తూ గుర్తు చేసుకున్నాను. కిటికీ వైపు చివరి బెంచీ, ముగ్గురూ ఒకే బెంచీ.

అయినా రొట్టె పట్టుకుని 'సూపే, సబీయా' తేడా చెప్పగలరా? కొన్నిటికి వివరణ కావలసిందే. ఆ వివరణ ఇంగ్లీషులోనే ఎందుకుండాలన్నదే నా మొదటి ప్రశ్న, దానికి జవాబు ఇంకా రాలేదు.

మూలాపేట మాస్టారు (నాలుగు రోజుల తర్వాత):
జరిగింది జరిగినట్టు రాస్తాను. నిన్న మైపాడు వాక్యాలు మళ్ళీ బోర్డు మీద రాసి, చివరి బెంచీ అబ్బాయిని మీ ఇంట్లో ఇవి ఎలా అంటారని అడిగాను. 'హమ్ జాతే థే', 'హమ్ గయే' అన్నాడు, ఇబామోస్, ఫుయిమోస్ పక్కపక్కనే నిలబడ్డాయి. 'సబీయా, సూపే' అడిగితే 'పతా థా, పతా చలా' అన్నాడు. ఆ తర్వాత మీరు వేసిన చిక్కే వేశాను. 'నేను ఇంటికొచ్చేసరికి అయిదు గంటలైంది' అన్నది స్పానిష్‌లో రాయమన్నాను. తెలుగు పిల్లలు చాలామంది 'ఫువెరోన్' అని రాశారు. ఆ అబ్బాయి 'పాంచ్ బజే థే' అని గొణుక్కుంటూ 'ఎరాన్' అని రాశాడు. ఎందుకలా రాశావంటే, 'థే' ఉంది కదా సార్ అన్నాడు. తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూసింది.

వ్యాకరణప్రియ:
'ఫువెరోన్' అని రాసినవారు ఎంతమంది?

మూలాపేట మాస్టారు:
పదిహేడుగురు.

వ్యాకరణప్రియ:
అంటే నేను మొదటి రోజు చెప్పిందే జరిగింది. ఆ అబ్బాయికి మాట దొరికినందుకు సంతోషమే. కానీ నిన్నటి నలభై నిమిషాల్లో స్పానిష్ ఎన్ని నిమిషాలు వినపడిందో కూడా లెక్క వేయండి.

మూలాపేట మాస్టారు:
పన్నెండు. లెక్క వేశాను. ఆ పదిహేడుగురి తప్పును దిద్దింది మాత్రం ఆ పన్నెండు నిమిషాలు కాదు, ఆ అబ్బాయి 'థే'.