పుట్టుకతోనే హిమోగ్లోబిన్ ఎక్కువుంటే జీన్ డోపింగ్ పరీక్షలో ఇరుక్కుంటారా?

ట్రాక్‌కోచ్:
1960, 64 వింటర్ ఒలింపిక్స్‌లో కలిపి 3 స్వర్ణాలు గెలిచిన ఫిన్లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటాకి ఈపీవో (ఎర్రరక్తకణాలు తయారుచేయించే హార్మోన్)ని అందుకునే రిసెప్టర్ జీన్‌లో పుట్టు మార్పు ఉందని 1993లో తేలింది. హిమోగ్లోబిన్ లీటరుకు 200 గ్రాములు దాటేది. అలాంటి కుర్రాడు ఇప్పుడు పోటీకి దిగితే, టోక్యో ఒలింపిక్స్ నుంచి వచ్చిన జీన్ డోపింగ్ పరీక్షలో (ఒంట్లోకి బయటి ఈపీవో జీన్ ఎక్కించుకున్నారా అని చూసేది) పట్టుబడతాడా? ఎక్కించిన జీన్‌ని సొంత జీన్‌తో కలగాపులగం కాకుండా ఎలా గుర్తుపడతారు?

ల్యాబ్‌బెంచ్:
పట్టుబడడండీ. ఆ పరీక్షకి హిమోగ్లోబిన్‌తో పనిలేదు. మన ఈపీవో జీన్‌లో 5 ఎక్సాన్లు (ప్రోటీన్ సమాచారం ఉండే ముక్కలు), మధ్యమధ్య 4 ఇంట్రాన్లు (ఆ సమాచారం లేని ముక్కలు) ఉంటాయి. బయటి నుంచి ఎక్కించేది మామూలుగా ఇంట్రాన్లు తీసేసిన పొట్టి రూపం. అందులో ఒక ఎక్సాన్ చివర, తర్వాతి దాని మొదలు నేరుగా అతుక్కుని ఉంటాయి. రక్తంలోని తెల్లకణాల డీఎన్‌ఏ తీసి, ఆ అతుకుల కోసమే రియల్‌టైమ్ పీసీఆర్ (కావలసిన డీఎన్‌ఏ ముక్కను పదేపదే కాపీ చేసి పట్టుకునే పద్ధతి) చేస్తారు. సొంత జీన్‌లో అతుకే ఉండదు. మాంటిరాంటా మార్పు వేరే జీన్‌లో ఉంది, పైగా ఇంట్రాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అసలు తంటా కంటామినేషన్‌తో. 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏలో సొంత జీన్ కాపీలు దాదాపు 3 లక్షలు, ఎక్కించినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండొచ్చు. ఇంత సున్నితమైన పరీక్షలో పాజిటివ్ కంట్రోల్ (పరీక్ష పనిచేస్తోందో చూడ్డానికి వాడే, అతుకున్న డీఎన్‌ఏ నమూనా) తుంపర ఒకటి పక్క ట్యూబులో పడితే చాలు, ఏ పాపం ఎరగనివాడు దోషి అవుతాడు. అందుకే కంట్రోల్ డీఎన్‌ఏలో మనిషిలో లేని ముక్క చేర్చి ఉంచాలి. సీక్వెన్స్‌లో అది కనిపిస్తే తప్పు ల్యాబ్‌దేనని తేలిపోతుంది.

రక్తలెక్క:
మీవాడికి చిక్కు వస్తే బయలాజికల్ పాస్‌పోర్ట్‌లో (ఆటగాడి రక్తపరీక్షల అంకెలను ఏళ్ల తరబడి పోల్చే రికార్డు) రావచ్చు. అందులో చూసేవాటిలో ఆఫ్‌స్కోరు ఒకటి. ఆఫ్‌స్కోరు అంటే హిమోగ్లోబిన్‌లోంచి (లీటరుకు గ్రాముల్లో) రెటిక్యులోసైట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణం) శాతపు వర్గమూలానికి 60 రెట్లు తీసేయడం. హిమోగ్లోబిన్ 150, రెటిక్యులోసైట్లు 1.0% అయితే 90. 165, 0.4% అయితే 127. ఇంజెక్షన్ ఈపీవో ఆపేశాక ఎముక మజ్జ కొత్త కణాలు తగ్గిస్తుంది కాబట్టి స్కోరు ఎగబాకుతుంది. ఎక్కించిన జీన్ ఆగదు, రెటిక్యులోసైట్లు పడిపోవు. కనుక ఈ ఒక్క అంకెనే నమ్ముకోకూడదు, హిమోగ్లోబిన్ గ్రాఫ్ మొత్తం చూడాలి.

మొదటి శాంపిళ్లను జనాభా సగటుతో పోలుస్తారు, పోనుపోను అతని సొంత హద్దులు బిగుసుకుంటాయి. తల్లిదండ్రుల రక్తపరీక్షలు, రిసెప్టర్ జీన్ రిపోర్టు ముందే ఫైల్లో పెట్టండి. వ్యాయామం అయ్యాక నిబంధన చెప్పినంత సేపు ఆగి, 10 నిమిషాలు కూర్చోబెట్టాకే రక్తం తీయనివ్వండి. లేకపోతే ప్లాస్మా తేడాకే అంకెలు మారతాయి.

ల్యాబ్‌బెంచ్:
ఇంకోటి. ఈపీవో జీన్‌లోనే సి.577డెల్ అనే పుట్టు మార్పు తూర్పు ఆసియా వాళ్లలో కనిపించింది. ఆ ప్రోటీన్ కాస్త పొడవు కావడంతో ప్రోటీన్లను విడదీసి చూసే జెల్ పరీక్షలో దాని బ్యాండ్ (గీత) ఇంజెక్షన్ ఈపీవోలా కనబడుతుంది. అలాంటి బ్యాండ్ వస్తే జీన్ సీక్వెన్స్ చూడకుండా పాజిటివ్ అనడం అన్యాయం.

ట్రాక్‌కోచ్:
మరి మాంటిరాంటా మార్పునే క్రిస్పర్‌తో (సొంత జీన్‌నే కత్తిరించి మార్చే పద్ధతి) తెచ్చుకుంటే?

ల్యాబ్‌బెంచ్:
ఇంట్రాన్లు కదలవు, అతుకు పరీక్షకి దొరకదు. కానీ తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన మార్పు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది, డీప్ సీక్వెన్సింగ్‌లో (ఒకే చోటును వేలసార్లు చదవడం) దాదాపు సగం రీడ్లలో తేలుతుంది. మజ్జలో ఎడిట్ చేసినదైతే రక్తకణాల్లోనే, అదీ కొన్నిటిలోనే. పోల్చడానికి చెంప స్వాబ్ వద్దు, అందులో తెల్లకణాలు కలుస్తాయి. వెంట్రుక కుదుళ్లు తీసుకోవాలి.