మాట పడిపోయిన నాన్నగారితో ఇంటి దగ్గరే జీపీఏ చేయించడం ఎలా?

నాన్నగారికి 76 ఏళ్లు. 5 వారాల క్రితం పక్షవాతంతో కుడిచెయ్యి, మాట పడిపోయాయి. చెప్పింది అర్థమవుతుంది, ఔననీ కాదనీ తలూపుతారు. ఖాతా, ఎఫ్‌డీలు ఆయన ఒక్కరి పేరునే ఉన్నాయి. అమ్మ నామినీయే, కానీ ఆయన ఉండగా అది పనికిరాదు. బ్యాంకుకు 2 సార్లు వెళ్తే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికారమిచ్చే పత్రం) తెమ్మన్నారు. పోయిన ఏడాదే రాయిద్దామనుకుని వాయిదా వేశాం, అదే బాధ. కదల్లేనివారి కోసం రిజిస్ట్రార్ ఇంటికి వచ్చే వీలు చట్టంలో ఉందని లాయర్ చెప్పారు. దస్తావేజు లేఖరి మాత్రం మాట రానివాళ్లకు చేయరంటున్నాడు. మతిస్థిమితం పోతే జీపీఏ చెల్లదు కాబట్టి, ఈలోపు మళ్లీ స్ట్రోక్ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇలా ఎడమచేతి వేలిముద్రతో ఇంట్లోనే జీపీఏ రిజిస్టర్ చేయించినవాళ్లు డాక్టర్ సర్టిఫికెట్‌లో ఏమని రాయించారు?